చేతికి తెలిసిన చప్పుడు

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. కారు షెడ్డు గేటు దాటి లోపలికి వచ్చేలోపే ముందు చక్రాల దగ్గర ఏది అరిగిందో చెప్పేసేవాడు. స్టీరింగ్ తిప్పితే మూలిగే చప్పుడు వేరు, గుంతలో పడితే టక్కుమనే చప్పుడు వేరు. తమ్ముడికి పని నేర్పింది కూడా ఆయనే. ముద్దు చేసి నేర్పలేదు. తప్పు చెప్పినప్పుడల్లా స్పానర్‌తో వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చి, "చెవులా, చేటలా అవి?" అనేవాడు, కస్టమర్లు చూస్తుండగానే.

ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య, ఎయిర్ గన్ రొద మధ్య పని చేసిన ఆ చెవులు మెల్లగా మూసుకుపోయాయి. ముందు సన్న చప్పుళ్లు పోయాయి, తర్వాత మాటలు. ఆయన ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి జవాబిచ్చేవాడు, అర్థం కాకపోతే విసుక్కునేవాడు. ఇంట్లో భార్య పిలిచి పిలిచి విసిగి, "నా మాటంటే మీకు లెక్కలేదు" అని అసలు పిలవడమే మానేసింది.

కనిపెట్టింది తమ్ముడు. ఒకరోజు టాక్సీ డ్రైవరూ, పనివాళ్లూ చుట్టూ ఉండగా ఇంజిన్ ఆపేసిన కారులో కూర్చుని, స్టీరింగ్ తిప్పుతున్నట్టు భుజాలు మాత్రం ఊపాడు.

"అన్నయ్యా, వింటున్నావా? ఎటువైపంటావ్?"

మేస్త్రి కళ్లు మూసుకుని తల వంచాడు. "ఎడమవైపు. పైన బేరింగ్ పట్టేస్తోంది."

షెడ్డంతా ఘొల్లుమంది. కళ్లు తెరిచాక గానీ ఆయనకు తెలియలేదు. డ్రైవరు పొట్ట పట్టుకుని వంగిపోతున్నాడు. భోజనం క్యారియర్‌తో గుమ్మంలో నిలబడ్డ భార్య కూడా నవ్వింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

అప్పటినుంచి అదో ఆటైపోయింది. "మా అన్నయ్యకి వినపడని చప్పుడు లేదు సార్. లేని చప్పుడు కూడా వినపడుద్ది!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు తమ్ముడు. పోనుపోను మేస్త్రికి నట్లు విప్పడం, గ్రీజు తుడవడం మాత్రమే మిగిలాయి.

అయితే చేతులున్నాయి. జాకీ మీద లేచిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లోపలి వదులు అరచేతిలోంచి మోచేతికి ఎక్కేది. స్ప్రింగ్ మీద వేళ్లు ఆనిస్తే బేరింగ్ పట్టి వదిలే కుదుపు తెలిసేది. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. అడిగిన నాథుడు ఉంటేగా.

ఒక సాయంత్రం తమ్ముడు తన సొంత కారునే జాకీ మీద ఎత్తాడు. తెల్లారితే పార్టులు తేవడానికి దూరం వెళ్లాలి. ముందువైపు టక్కుటక్కుమంటోందని ఒక రాడ్డు మార్చి, చక్రం బిగించమని సైగ చేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. మేస్త్రి బిగించి, అలవాటుకొద్దీ ఊపి చూశాడు. మళ్లీ ఊపాడు. చక్రాన్ని కింద పట్టి ఉంచే బాల్ జాయింట్ నేడో రేపో గూట్లోంచి ఊడిపోయేలా ఉంది. దాని రబ్బరు చిరిగి, లోపల గ్రీజు ఇసుకలా ఎండిపోయింది.

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్, ఈ జాయింటు..." అన్నాడు మేస్త్రి.

"ఏంటి, నీకేమైనా వినపడిందా?" తమ్ముడు చెవి దగ్గర అరచెయ్యి ఆనించుకుని, పక్కన పని చేసుకుంటున్న వెల్డరు వైపు తిరిగి కన్నుకొట్టాడు. వెల్డరు పగలబడి నవ్వాడు.

మేస్త్రి నోరు మూసుకున్నాడు. జాకీ దించాడు.

ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. ముద్ద దిగలేదని చెప్పడానికి లేదు, దిగింది. పొద్దున్నే తమ్ముడు ఆ ఇంటి ముందు నుంచే కారు పోనిచ్చాడు. చెయ్యెత్తితే ఆగేవాడు. మేస్త్రి పళ్లు తోముకుంటూ చూస్తూ నిలబడ్డాడు.

ఊరు దాటిన తర్వాత మలుపులో చక్రం లోపలికి మడతపడింది. కారు వంతెన గోడను గుద్దుకుంది. తమ్ముడికి మోకాలి కింద నుంచి కుడికాలు తీసేశారు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచిన తమ్ముడు అన్న వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "చక్రం బిగించింది నువ్వు. ఊపి చూడకుండా ఏ చక్రమూ వదలవు. ఏం తెలియలేదా?"

పెదాల మీద ప్రతి అక్షరమూ కనిపించింది.

"వినపడలేదురా" అన్నాడు మేస్త్రి.

తమ్ముడు చాలాసేపు ఆ ముఖంలోకి చూశాడు. చూసి, గోడ వైపు తిరిగిపోయాడు. ఏమీ ఎరగని మరదలు మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని, "ఇంక మాకు దిక్కు మీరే బావగారూ" అని భోరుమంది. చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది ఆయనకు. లాక్కోలేదు.

షెడ్డు ఇప్పటికీ నడుస్తోంది, ముందుకంటే బాగా. తమ్ముడు స్టూలు మీద కూర్చుని చప్పుడు విని, కుడో ఎడమో చేత్తో చూపిస్తాడు. అన్న కారు కింద దూరి, తడిమి, పార్టు పేరు చెబుతాడు. పనికి సంబంధం లేని మాట ఇద్దరి మధ్యా ఉండదు. అన్నదమ్ములంటే వీళ్లేనని కస్టమర్లు మెచ్చుకుంటారు. కారు కింద దూరే ముందు మేస్త్రి, ఒక్కసారి తిప్పితే కారును కిందికి దించేసే జాకీ హ్యాండిల్‌ను రోజూ తమ్ముడి చేతికి అందేలా స్టూలు పక్కనే పెడతాడు. తర్వాత వెల్లకిలా పడుకుని లోపలికి జరుగుతాడు.