వంటింటి తలుపులకు నేను వేసిన రంగు

ఈ ఉదయం మా ఆవిడ పద్దెనిమిది రోజుల తర్వాత డబ్బాలన్నీ మళ్లీ వంటింటి అలమరల్లో సర్దుకుంది. ఇన్నాళ్లూ బాల్కనీలోనే వంట చేసింది. పెయింటర్‌ని పిలుద్దామని ఆమె అంటే, నేర్చుకుని నేనే వేస్తానన్నాను. అలమరల చెక్క తలుపులన్నీ ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ పట్టించి, మూడు పూతలు ఎనామిల్ వేశాను. ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదని కూడా చెప్పాను.

మధ్యాహ్నం మా బావ వచ్చాడు. పోర్టులో ఓడలకు రంగులు వేసే మనిషి. పొయ్యి పక్కనున్న తలుపు అంచున గోరు పెట్టి లాగాడు. రంగు పాల మీద మీగడలా ఊడివచ్చింది.

"రుద్దీ ముందు సోడా నీళ్లతో కడిగావేటి బావా?"

"లేదు. బాగా రుద్దాను."

"ఇన్నేళ్ల తాలింపు నూని దీనికి పట్టీసుంది. కడక్కుండా రుద్దితే ఇంకా లోపలికెల్పోద్ది. ఓడకైనా ముందు కడుగుడే బావా. ఇదంతా గీకీసి మళ్లీ మొదలెట్టాల."

మిగతా తలుపులూ చూశాం. అన్నీ అంతే. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎంత కష్టపడ్డానో చెప్పుకుందామన్నా, ఆ కష్టం ఎక్కువగా ఇన్నాళ్లూ బాల్కనీలో వండిన మా ఆవిడదే.

మా ఆవిడ పొద్దున సర్దిన డబ్బాలను ఒక్కొక్కటిగా బాల్కనీలోకి మోయడం మొదలుపెట్టింది. నేను పప్పు డబ్బా అందుకోబోయాను.

"మీరు ఏదీ ముట్టుకోకండి" అంది.

గాజువాక వైపు మంచి పెయింటర్ ఎవరైనా ఉంటే చెప్పండి. పద్దెనిమిది రోజుల కిందట మా ఆవిడ అడిగిందీ అదే.