అవ్వ ఒప్పుకున్న ఒక్క ఫోటో

చొక్కా జేబులో డిజిటల్ కెమెరా ఉంటే చాలు, మనిషి మెడ నిటారుగా నిలిచే రోజులవి. కుప్పంలో కొత్తగా ఉద్యోగంలో చేరి, నాలుగు జీతాలు కూడబెట్టి నేనూ ఒకటి కొన్నాను. దాని సంగతంతా నాకు తెలుసనుకునేవాణ్ణి (తెలిసినవి రెండు మీటలు: ఆన్ చేసేది, ఫోటో నొక్కేది). ఆ గర్వమంతా ఒకే పూటలో, పుంగనూరులో మా అవ్వ ముందర దిగిపోయింది.

అవ్వకు కడుపులో గడ్డ. ఆ రోజే మదనపల్లె ఆస్పత్రిలో చేర్చాలి, పదకొండుకు ఆటో వస్తుంది. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందని ఆమె నమ్మకం, అందుకే ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. మా నాయన నన్ను పెరట్లోకి పిలిచి, "మళ్లా తిరిగొస్తాదో రాదో రా. ఒగ ఫోటో తీసిపెట్టు" అన్నాడు. బతిమాలితే అవ్వ ఒప్పుకుంది. "ఒగ తూరే. రెండో తూరి అంటే లేసిపోతా. అదీ లోపలే, వీధిలో వాళ్లు సూడగూడదు" అంది. లోపల చీకటి గది, పైగా కరెంటు పోయింది.

గురి చూసి నొక్కబోతే తెర మీద మెరుపు గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. ఫ్లాష్ రాకపోతే ఆ ఒక్క తూరీ చీకటిపాలే. కనపడిన మీటలన్నీ నొక్కాను. భాష మారింది, తేదీ మారింది, ఎర్ర గుర్తు మాత్రం మారలేదు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. "ఏమిరా, ఆస్పత్రికి పోవాల్సింది నేనా, అదా?" అంది అవ్వ. సందు చివర అంగట్లో కొని కెమెరాలో వేసిన బ్యాటరీ సెల్లులు నీరసించాయని చెప్పాను. "రేడియో సెల్లులైతే ఎండలో పెడతాం గదా. పెట్టి సూడు" అంది. డిగ్రీ చదివినవాడికి అవ్వ చెప్పేదేమిటని నసిగాను గాని, వేరే దారి లేక వాటిని తీసి పెరట్లో బండ మీద పెట్టాను. నాయన గడియారం చూస్తూ వాకిట్లో తిరుగుతున్నాడు.

పది నిమిషాలకు సెల్లులు మళ్లీ వేశాను. ఎర్ర గుర్తు కాసేపు కొట్టుకోకుండా నిలిచింది, మళ్లీ మొదలుపెట్టింది. బయట ఆటో హారన్ మోగింది. "రాండప్పా, టైమైంది" అని నాయన కేక. అవ్వ పక్కన కూలబడి, కెమెరాను నా వైపు తిప్పి ఫ్లాష్ అద్దంలోకి తొంగిచూశాను. "ఏముందిరా దాంట్లో?" అంటూ అవ్వ నా చెంపకు చెంప ఆనించి తనూ తొంగిచూసింది. నా బొటనవేలు ఎక్కడుందో నేను చూసుకోలేదు. ఫెళ్లుమని వెలుగు! ఆ దెబ్బతో సెల్లులు పూర్తిగా చచ్చిపోయాయి. "అయిపోయింది గదా" అని అవ్వ లేచి ఆటో ఎక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయుస్సు తగ్గుతుందన్న మనిషి మరో తొమ్మిదేళ్లు బతికింది, అన్న మాట మీద నిలబడి రెండో ఫోటో తీయనివ్వలేదు. పోయాక పటం కట్టించడానికి, మేమిద్దరం చెంపకు చెంప ఆనించి పడిన ఆ ఒక్క ఫోటోనే దిక్కయింది. స్టూడియో ఆయన నన్ను ఎంత కత్తిరించినా, అవ్వ చెంప తెగకుండా నా చెవిని తీయలేకపోయాడు. "మనిషి ఉండంగానే చెవికి దండేంటప్పా" అని చుట్టాలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అవ్వకు అంత దగ్గరగా కూర్చున్న ఆ కుర్రవెధవ చెవిని మాత్రం ఎవరినీ తీయనివ్వను.