జేజి పుస్తకంలో తెల్లకాగితాలు

నా చిన్నప్పుడు మైదుకూరులో మా పక్కింటి తాత పుస్తకాలకు బైండింగు చేసేవాడు. మేము చర్చికి పోయేవాళ్లం, ఆయన మసీదుకు పోయేవాడు. ఇంటికొస్తే అందరిదీ ఒకటే అరుగు. ఆ పని నాకూ నేర్పమని ఎండాకాలం సెలవుల్లో ఆయన ప్రాణం తోడేశాను. దారానికి మైనం పట్టించమనేవాడే గానీ సూది మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.

ఆ ఎండల్లోనే మా జేజి, అంటే మా నాన్నమ్మ, మంచం పట్టింది. ఆమె చర్చి పాటల పుస్తకం అప్పటికే కుట్లూడి, కాగితాలు రాలిపోతూ ఉండేది. జేజికి చదువు రాదు. అయినా ఆ పుస్తకం చూసి అమ్మ పాడితేనే ఆమెకు ప్రార్థన అయినట్టు. కళ్లు మూసేలోగా దాన్ని బాగైన పుస్తకంగా చూడాలని ఆమె ఆశ. నేను పుస్తకం పట్టుకుని పరుగెత్తి, బంక పూసి అతికించెయ్యి తాతా అన్నాను.

"అతికిచ్చింది మళ్లీ ఊడొస్తాది పాపా, కుట్టాల్సిందే. పనయ్యేదాకా పాటల్లేకుండా మీ జేజి ఎట్లుంటాది?" అన్నాడు.

పాత దారం తెంపి, మడతల కట్టలుగా పుస్తకాన్ని విడదీశాడు. ఆ కట్టను ఫారం అంటారు. మరునాడు కుట్టాల్సిన ఫారాన్ని సాయంత్రం నాకిచ్చి ఇంటికి పంపేవాడు. అమ్మ ఆ పాటలు జేజికి పాడి వినిపించేది. పొద్దున్నే నేను తీసుకుపోతే తాత దాన్ని మిగతావాటితో కలిపి కుట్టేవాడు. ఇంత నిదానమైన బైండింగు ఆయన ఎవరికీ చేసి ఉండడు.

పుస్తకం సగంలో ఉండగానే ఒక తెల్లవారుజామున జేజి పోయింది. ముందురోజు తెచ్చిన ఫారం ఆమె చేతిలోనే ఉండింది. నాన్న దాన్ని ఎవరినీ తియ్యనియ్యలేదు. అదీ ఆమెతోపాటే మట్టిలోకి పోయింది. ఆమె ఆశ తీరలేదే అని నేను శానారోజులు ఏడ్చాను.

తర్వాత తాత పిలిచాడు. ఇంకో పుస్తకం వెతికి ఆ పాటలే తెచ్చి కుడదామన్నాను.

"వద్దు పాపా. అవి ఆమె తీసకపాయ. అట్లని ఆ చోటు ఊరికే ఇడిసిపెడితే పుస్తకం నడుం కుంగుతాది. అంతే మందం తెల్లకాగితాలు పెట్టి కుట్టు" అని సూది నా చేతికిచ్చాడు.

నా మొదటి కుట్టు అదే. వంకరపోయింది. ఆయన చూసి కూడా విప్పమనలేదు. మిగతా ఫారాలన్నీ ఆయనే కుట్టి, అట్టలు వేసి, అణిగేందుకు పైన బరువుగా బేతంచెర్ల నాపబండ పెట్టాడు.

ఇప్పుడు నాకు మా జేజి వయసు. అమ్మా నాన్నా పోయారు, మా ఆయనా పోయాడు. వాళ్ల చోట నేను ఎవరినీ పెట్టుకోలేదు, కుంగి కూలబడనూ లేదు. ఆదివారం ఆ పుస్తకం తెరిచి వరసగా పాడుకుంటూ పోతాను. జేజితో పోయిన పాటలు అమ్మ గొంతులో విన్నవే, నోటికి వచ్చు. తెల్లకాగితాలు వచ్చినప్పుడు ఆగను. ఒక్కొక్కటే తిప్పుతూ, చదువుతున్నట్టే, పాడతాను.