ఈలన్న ఇంటి నంబరు

ఆమెను అందరూ టైమాఫీసు అక్క అనేవారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. ఇనుము కరిగించి పోత పోసే ఆ ఫ్యాక్టరీలో గేటు పక్కనే ఒక ఇరుకు గది, దానికి బయటికి చూసే అద్దాల కిటికీ, కిటికీ అడుగున చెయ్యి పట్టేంత సందు. ఆ సందు వెనక ఆమె కూర్చునేది. ఎవరు పనిలోకి వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరిది ఏ షిఫ్టు, అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి. ఇంట్లో పెళ్లాం దగ్గర బొంకి బయటపడొచ్చుగానీ అక్క ముందు నాలుక తిరగదని మగవాళ్లు నవ్వుకునేవారు. జ్వరమని సెలవు అడిగినవాడి మొహం ఓసారి ఎగాదిగా చూసి, "సరే, సినిమా బాగుంటే నాకూ చెప్పు" అనేది. సెలవు మాత్రం ఇచ్చేది.

తండ్రి అదే ఫ్యాక్టరీలో పోత వస్తువుల అంచులు మిషను మీద అరగదీసే షెడ్డులో పని చేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన మానేసిన ఏడాది ఆమె చేరింది. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, ఎవరూ గట్టిగా పట్టించుకోక అలాగే జారిపోయింది. తండ్రీ కూతురూ ఇద్దరే ఉండేవారు. ఆయనకు వినపడాలంటే అరవాలి కాబట్టి వాళ్లింట్లో ఏ కూర వండారో వీధిలో అందరికీ తెలిసేది.

పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంటికి కబురు చెప్పేది ఆమే. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. మగవాళ్లకు నోరు రాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆమే ఫోను తీసుకోవడం మొదలుపెట్టింది, అది అలాగే ఆమెకు అంటుకుపోయింది. అందులో ఆమెకు ఒక పద్ధతి కూడా ఏర్పడింది. పేరు పెట్టి చెప్పేది కాదు. పూర్తి పేరు పలికితే ఆడవాళ్లు అక్కడికక్కడే కూలబడతారని ఆమె భయం. "మీ ఆయనకి కాస్త దెబ్బ తగిలిందమ్మా. కంగారుపడకు, మెల్లగా ఆసుపత్రికి వచ్చెయ్" అనేది. చాలాసార్లు అది వేలు నలిగిన దెబ్బో, కాలు బెణికిన నొప్పో అయ్యేది. తర్వాత ఆ ఆడవాళ్లే దారిలో కనబడి, నీ గొంతు వింటే సగం భయం పోతుందక్కా అనేవారు. ఆ మాట ఆమెకు ఎంతో బాగుండేది.

పనివాళ్ల ఇళ్ల నంబర్లన్నీ టైమాఫీసు కంప్యూటరులో ఉండేవి. ఒక నిలువు వరుసలో పేర్లు, పక్క వరుసలో నంబర్లు. పేరుతోపాటు అందరూ పిలిచే పేరు కూడా ఆమే రాసిపెట్టుకుంది. కొత్తగా చేరినవాడి పేరు అట్టడుగున చేరేది. ఎవరికైనా చెయ్యాల్సి వస్తే తెర మీద చూసి బల్ల మీది ఫోనులో నొక్కేది. ఒక ఏడాది మేనేజరు బల్ల మీది ఫోను తీయించేసి, ఆమెకు ఒక స్మార్టు ఫోను ఇచ్చాడు. పాత కంప్యూటరును కూడా త్వరలో తీసుకుపోతారనీ ఈలోగా నంబర్లన్నీ ఫోనులోకి మార్చుకొమ్మనీ చెప్పాడు.

ఒక్కొక్క నంబరూ చేత్తో కొడితే వారం పడుతుంది. ఎవరినీ అడగడం ఇష్టం లేక ఆమె తనంతట తనే దారి వెతుక్కుంది. కంప్యూటరులోని పట్టికను దాచి, మెయిలు ఖాతాలోకి ఎక్కించి, అదే ఖాతాను ఫోనులో తెరిస్తే పేర్లన్నీ వాటంతటవే దిగిపోతాయని తెలుసుకుంది. దించేముందు పేర్లు అక్షరక్రమంలో ఉంటే వెతకడానికి సులువని అనిపించింది. పేర్ల వరుస మీద నొక్కి సర్దమంది. పక్క వరుసను కూడా కలిపి సర్దాలా అని కంప్యూటరు అడిగింది. అది రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఆమె చదవకుండా వద్దని నొక్కేసింది.

పేర్లు చక్కగా వరుసలో నిలబడ్డాయి. నంబర్లు మాత్రం కదలకుండా ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆ పట్టికనే ఖాతాలోకి ఎక్కించి ఫోను తెరిచింది. చూస్తుండగానే పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే ముచ్చటేసింది. సరిగ్గా పని చేస్తోందో లేదో చూద్దామని ఇంటికి చేసింది. ఇంట్లో ఫోను మోగింది. తండ్రికి వినపడదు కాబట్టి పక్కింటావిడ తీసి పలికింది. ఇంకేముంది, అంతా బాగానే ఉందనుకుంది. అయితే ఇంటి నంబరును ఆమె ఫోను అందుకున్న రోజే విడిగా చేత్తో కొట్టి పెట్టుకుంది. ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

తర్వాత చాన్నాళ్లు ఎవరికీ దెబ్బ తగలలేదు. కంప్యూటరు బల్ల కిందకు చేరి దుమ్ము పట్టింది.

ఫర్నేసు దగ్గర పని చేసేవాళ్లలో ఒకాయనను అందరూ ఈలన్న అనేవారు. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఈల. ఆ రోదలో ఆయన ఈల ఎవరికీ వినపడేది కాదు, మూతి సున్నాలా ఉంటే ఈల వేస్తున్నాడని తెలిసేది. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఒక కూతురు, బడికి పోయే వయసు. ఒకరోజు పొద్దున, పని మొదలై కాస్సేపయ్యాక, కరిగిన ఇనుము నిండిన బానను మోస్తున్న గొలుసు తెగింది. మిగతావాళ్లు పక్కకు దూకారు. ఈలన్నకు దూకడానికి చోటు లేదు.

అంబులెన్సు వచ్చేసరికి ఆయనకు స్పృహ ఉంది. మేనేజరు వెంట వెళ్లాడు. గేటు మూసేశారు. తనిఖీ అధికారులు వచ్చేదాకా లోపలివాళ్లు బయటికి వెళ్లకూడదన్నారు. పనిలోకి పోయేటప్పుడు అందరూ ఫోన్లు గేటు దగ్గరి పెట్టెలో పెట్టి వెళ్లాలి, అవి ఆ పెట్టెలోనే ఉండిపోయాయి.

టైమాఫీసు అక్క ఫోనులో ఈలన్న పేరు వెతికి నొక్కింది. ఆడగొంతు పలికింది.

"నేను టైమాఫీసు నుంచమ్మా. మీ ఆయనకి దెబ్బ తగిలింది. కాస్త పెద్దదే. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, వెంటనే వెళ్లు."

అవతల ఒక కేక వినపడింది, ఫోను కట్టయింది. వెనక సైరను మోగుతోంది. ఆ గొంతు ఎవరిదో పోల్చుకునే ధ్యాస ఆమెకు లేదు.

ఆ ఫోను ఎత్తింది గోడౌను మేస్త్రి భార్య. ఆయన కూడా ఆ రోజు షిఫ్టులోనే ఉన్నాడు, వెనక గోడౌనులో సరుకు ఎక్కిస్తున్నాడు. ఆమె దారి పొడుగునా భర్తకు ఫోను చేస్తూనే ఉంది. అది గేటు దగ్గరి పెట్టెలో మోగుతూనే ఉంది. ఎత్తకపోయేసరికి ఇంక సందేహం మిగల్లేదు. ఆసుపత్రిలో ఫ్యాక్టరీలో కాలినాయన ఎక్కడని అడిగింది, వాళ్లు లోపలికి తీసుకెళ్లారు. మేనేజరు బయట బెంచీ మీద ఉన్నాడుగానీ ఏ పనివాడి భార్య ఎవరో ఆయనకు తెలియదు.

మంచం మీది మనిషికి మొహమంతా కట్టు. కళ్ల మీద కట్టు. చేతులు పట్టుకోవడానికి లేదు. పొగ మింగిన గొంతు గరగరమంటోంది, మనిషి గొంతులా లేదు. ఆమె పాదాల దగ్గర నిలబడింది. ఆ పాదాలు ఎందుకో కొత్తగా అనిపించాయి, ఇంత జరిగాక ఏదీ మునుపటిలా ఉండదులే అనుకుంది. వచ్చావా అని ఆయన అడిగాడు. వచ్చానంది. ఏడుపులో ఆమె గొంతూ ఆమెది కాకుండా పోయింది. మధ్యాహ్నం దాకా ఆయన ఉండుండి మాట్లాడుతూనే ఉన్నాడు.

"పాపని బడి మాన్పించొద్దు" అన్నాడు. కాసేపాగి, "నువ్వు నవ్వేదానివి నా ఈలకి" అన్నాడు.

మేస్త్రి భార్యకు ఇద్దరూ మగపిల్లలే. కాలిన బాధలో పలవరిస్తున్నాడనుకుని అలాగే, అలాగే అంది. మధ్యాహ్నం దాటాక ఆ గరగర ఆగిపోయింది.

షిఫ్టు ముగిసే వేళ దాటింది. తనిఖీ అధికారులు ఇంకా లోపలే ఉన్నారు. గేటు అవతల ఈలన్న భార్య, కూతురి చెయ్యి పట్టుకుని, కిటికీ సందులోకి వంగింది. టైమాఫీసు అక్క ఆమెను చూసి ఉలిక్కిపడింది.

"నువ్విక్కడేంటమ్మా? ఆసుపత్రికి వెళ్లలేదా?"

"ఏ ఆసుపత్రి? షిఫ్టు అయిపోయిందిగా, ఈయన ఇంకా రాలేదేంటా అని వచ్చాను."

అక్క తన ఫోను కేసి చూసింది. పొద్దున నీతో మాట్లాడాను కదా అంది. నాకు ఎవరూ చెయ్యలేదని ఆమె తన ఫోను చూపించింది. ఇంకేమీ అడగకుండా అక్క, కాపలావాడు వద్దంటున్నా గేటు దాటి వచ్చి, ఆ ఇద్దరినీ ఆటో ఎక్కించి తనూ ఎక్కింది. దారిలో ఫోను తీసి మళ్లీ ఈలన్న పేరు నొక్కింది. ఒడిలో చేతుల మధ్య ఈలన్న భార్య పట్టుకున్న ఫోను మోగలేదు. గోడౌను మేస్త్రి పేరు నొక్కింది, ఎవరో ముసలాయన పలికాడు. ఇంకొక పేరు నొక్కింది. అదీ తప్పే. అప్పుడు ఆమెకు కంప్యూటరు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

వాళ్లు వెళ్లేసరికి మంచం మీద దుప్పటి కప్పేసి ఉంది. మేస్త్రి భార్య నేల మీద కూర్చుని గోడకు తల కొట్టుకుంటోంది. ఈలన్న భార్య గుమ్మంలోనే ఆగి, ఈమె ఎందుకు ఏడుస్తోంది అని అడిగింది. జవాబు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గేటు తెరిచాక పనివాళ్లంతా పెట్టెలోని ఫోన్లు కూడా తీసుకోకుండా ఒక వ్యానులో వచ్చారు, అందులోంచి గోడౌను మేస్త్రి దిగి లోపలికి వచ్చాడు. భార్యను అక్కడ చూసి, నువ్వెందుకొచ్చావు అన్నాడు. ఆమె అతని మొహం చూసింది, దుప్పటి కేసి చూసింది, మళ్లీ అతని మొహం చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మేనేజరు టైమాఫీసు అక్కను పక్కకు పిలిచి, ఫోను కలవలేదని చెబుదామన్నాడు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇది బయటపడితే గొలుసు సంగతి వదిలేసి అందరూ ఆమె మీదే పడతారని కూడా అన్నాడు. అందులో కొంత నిజముంది. ఆమె తల వంచుకుని ఇంటికి వెళ్లింది.

గొంతు తగ్గించి చెప్పుకోవాల్సిన మాట అది. తండ్రికి అలా చెబితే వినపడదు. నావల్ల తప్పు జరిగింది నాన్నా అంది. ఆయన చెవి ముందుకు పెట్టాడు. ఆమె మళ్లీ చెప్పింది. మూడోసారి అరిచింది. వీధిలో నడుస్తున్నవాళ్లు ఆగారు. ఒకసారి గొంతు పైకి వచ్చాక ఇంక దాచుకునేదేమీ మిగల్లేదు, మొత్తం అలాగే అరుస్తూ చెప్పేసింది. ఆయన కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రేపు వెళ్లి ఈలన్న పెళ్లాంతో నువ్వే చెప్పు. ఇంకొకళ్ల నోట వినకూడదు" అన్నాడు.

మర్నాడు వెళ్లింది. మేస్త్రి భార్యను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది, ఈలన్న చివరి మాటలు ఆమె దగ్గరే ఉన్నాయి కాబట్టి. ఒకటే గది. గోడకు ఆనించి నిలబెట్టిన చాప, మేకుకు ఆయన చొక్కా. అక్క జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది.  అంతా విన్నాక ఈలన్న భార్య మేస్త్రి భార్య వైపు తిరిగి, ఏమన్నాడు అంది.

మేస్త్రి భార్య చెప్పింది. మళ్లీ చెప్పమంది ఈలన్న భార్య. ఆ మాట అన్నప్పుడు గొంతు ఎలా ఉంది, ముందు ఏది అన్నాడు, తర్వాత ఏది అన్నాడు, నువ్వేమన్నావు అని గుచ్చి గుచ్చి అడిగింది. అలాగే అన్నాను వదినా అని ఆవిడ గొణిగింది.

"నా మాట అది" అంది ఈలన్న భార్య. "అలాగే అని నేననాలి. నువ్వు అనేశావు."

తర్వాత అక్క వైపు చూసింది.

"ఆయన పేరు ఒక్కసారి పలికుంటే ఏం పోయేది నీకు?"

కూలబడతారని భయమమ్మా, అందుకే పేరు చెప్పను అంది అక్క. ఆ జవాబు గదిలో ఎంత పేలవంగా వినపడిందో ఆమెకే తెలిసింది.

"ఆయన పేరు నీ ఫోనులో ఉండకూడదు. నా ముందే తీసెయ్."

అక్క ఫోను తీసింది. కళ్లు మసకబారి తెర కనపడలేదు. తుడుచుకుని, ఈలన్న అన్న పేరు తెరిచి, తీసెయ్యి మీద నొక్కింది. నిజంగా తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. ఈసారి ఆమె ప్రతి అక్షరం చదివి, అవునని నొక్కింది. ఈలన్న భార్య తలుపు తీసి పట్టుకుంది. 

విచారణలో గొలుసు పాతదని తేలింది. మేనేజరును వేరేచోటికి మార్చారు. ఫోను కలవలేదని ఆయన రాసిన కాగితం మీద సంతకం పెట్టనని అక్క చెప్పింది. దానివల్ల ఎవరికీ ఒరిగింది లేదు. ఆమె తనే అడిగి టైమాఫీసు వదిలేసి ఇసుక జల్లెడ పట్టే షెడ్డుకు వెళ్లింది. వెళ్లేముందు తప్పిన నంబర్లన్నీ ఒక్కొక్క మనిషినీ ఎదురుగా నిలబెట్టి, ఫోను మోగించి చూసి, సరిచేసి ఇచ్చింది. పనివాళ్లు ఆమెను ఏమీ అనలేదు. వేళాకోళాలు మాత్రం మానేశారు. ఈలన్న భార్యకు క్యాంటీనులో పని ఇచ్చారు. ఆమె అందరికీ టీ పోసేది, అక్క కప్పులోనూ పోసేది. కళ్లెత్తి చూసేది కాదు. తర్వాత ఏళ్ల తరబడి అంతే.

మేస్త్రి భార్య ఒకరోజు మధ్యాహ్నం వేళ ఇసుక షెడ్డుకు వెతుక్కుంటూ వచ్చింది. భర్తకు సద్ది ఇచ్చే వంకతో గేటు దాటి వచ్చానంది. అక్క ఇసుక మూటల మీద కూర్చుని ఉంది, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. సగం చిక్కిపోయింది.

"ఆ రోజు మా ఆయన గుమ్మంలో కనపడగానే నాకు ఏడుపు ఆగిపోయిందక్కా. ఎదురుగా మనిషి పోయి ఉన్నాడు. పొద్దుట్నుంచీ నావాడనుకుని ఏడ్చానుగా, ఒక్క క్షణంలో ఎవరో అయిపోయాడు. ఆవిడ చూసింది, నా మొహంలో అది చూసింది. ఎవరికి చెప్పుకోను? మా ఆయనకి చెబితే, నేను బతికున్నందుకు ఏడుస్తున్నావా అంటాడు."

 ఒకప్పుడు ఫోనులో ఆడవాళ్లకు చెప్పే మాటలు అక్కకు ఎన్నో వచ్చేవి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. కాస్త జరిగి చోటిచ్చింది. పని మొదలయ్యే గంట కొట్టేదాకా ఇద్దరూ ఆ మూటల మీద అలాగే కూర్చున్నారు.