ఎండలో నిలబెట్టిన రోజు

మొన్న మా మనవడి బడిలో హోంవర్క్ చేయని పిల్లలను కాసేపు ఎండలో నిలబెట్టారని తెలిసి, మా కోడలు ఫోన్లో తల్లిదండ్రుల గ్రూపుకు పొడుగాటి ఫిర్యాదు రాసింది. పంపేముందు నాకు వినిపించి, "మామయ్యా, మీరు గూడ సారే గద, పిల్లల్ని గిట్ల ఎండల నిలబెడతరా ఎవరన్నా?" అని అడిగింది. నేను పేపరు తిరగేశాను. ఫిర్యాదులు రాయడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు, కరెంటాఫీసు నుంచి కాలనీ సంఘం దాకా నా ఉత్తరం అందుకోని చోటు లేదు, అయినా ఆ ఒక్కదానికి మాత్రం ఒక్క అక్షరం సాయం చేయలేకపోయాను.

నా తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన చిన్నప్పుడు ఎండలో నిలబెట్టడమంటే బెత్తం దెబ్బ కన్నా చిన్న శిక్ష. నల్లగొండ దగ్గర మా ఊరి బడిలో లెక్కల పంతులు నన్ను వారానికి రెండుసార్లైనా నిలబెట్టేవాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే, కానీ గంట కొట్టగానే కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగి ఆటకు పరుగెత్తేవాణ్ణి. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక నా చేతిలోనూ అదే శిక్ష ఉండిపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు భూగోళం చెప్పేవాణ్ణి. యజమాని గుంటూరు వైపు మనిషి. కూలర్ ఉన్న గదిని ఇంగ్లీషు చెప్పే ఆయనకు ఇచ్చి నన్ను మేడ మీది రేకుల షెడ్డుకు పంపాడు, అది నేను మరిచిపోలేదు. బంద్‌ల వల్ల పోయిన క్లాసులన్నింటినీ మే నెల మిట్టమధ్యాహ్నాలకు సర్దాడు. ఈ ఎండకు రేకుల కింద మనుషులు కూర్చోలేరని నేను రెండు ఉత్తరాలు రాసిస్తే, విప్పి చూడకుండానే జేబులో పెట్టుకుని, "బంద్‌లకు సగం క్లాసులు పోయాయి మాస్టారూ, ఇక ఎండలక్కూడా పోతే ఎలాగండీ? కానివ్వండి" అన్నాడు.

ఆ క్లాసులోనే మా అక్క కొడుకు ఉండేవాడు. హయత్‌నగర్ నుంచి వచ్చేవాడు. ఎస్సై ఉద్యోగం వాడి ప్రాణం, దానికోసం తెల్లారకముందే లేచి హైవే పక్కన మైళ్ళకు మైళ్ళు పరుగెత్తేవాడు. పొద్దున ఉద్యమం, మధ్యాహ్నం నా పాఠం. భూతాపం వల్ల మన దేశానికి జరిగే నష్టాల మీద ప్రశ్న తప్పకుండా వస్తుందని నేను దాన్ని ఎనిమిది అంశాలుగా రాయించేవాణ్ణి. సముద్రం పెరిగి తీరప్రాంతాలు మునుగుతాయన్న మొదటి అంశం చెబుతుండగా వీడు లేచి, "మామా, సముద్రం పొంగితె ఆంధ్రోళ్ళకు పరేషాన్, మనకేంది? మనకు సముద్రమే లేదు గద!" అన్నాడు. వెనక బెంచీలోంచి భీమవరం కుర్రాడొకడు, "అప్పుడు మేమంతా మీ ఇంట్లోనే దిగుతాంలేవోయ్, ఓ గది చూసిపెట్టు" అని అందుకున్నాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి క్లాసంతా నవ్వింది. ఆ రోజుల్లో ఆ రెండు వైపులవాళ్ళూ కలిసి నవ్వడమే అరుదు, చూసి సంతోషించాల్సింది. నాకు మాత్రం అందరూ నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. పైగా క్లాసులో నన్ను మామా అన్నాడు. మనసులో పెట్టుకున్నాను.

వారం తర్వాత మిగిలిన అంశాలు రాయిస్తున్నాను. ఆ రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. పొద్దున్నుంచి తారురోడ్డు మీద కూర్చుని, బస్సులు లేక అక్కణ్ణుంచి నడిచి, వాడు అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు, అప్పుడు నేను అడగలేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, చొక్కా మాత్రం పొడిగా ఉంది. చెమట పట్టలేదంటే ఎక్కడో నీడన కాలక్షేపం చేసి వచ్చాడనుకున్నాను. "మామా, జర నీళ్ళు" అన్నాడు. ఇక్కడ నేను మామను కాను, సారును, పోయి బయట నిలబడు అన్నాను.

షెడ్డు బయట నీడ లేదు. పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఏదో పడ్డ చప్పుడైంది. తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి "సార్, పడిపోయిండు" అంది. నటిస్తున్నాడు, మీరు రాసుకోండి అన్నాను. ఇంకా రెండు అంశాలు మిగిలి ఉన్నాయి. హిమాలయాల మంచు కరిగిపోవడం గురించి చెప్పాను, దేశం నడిమి ప్రాంతాల్లో వడగాడ్పులు పెరిగి మనుషులు చనిపోతారని చెప్పాను. నిదానంగా రాసేవాళ్ళ కోసం ప్రతి వాక్యం రెండుసార్లు చదవడం నా అలవాటు. ఆ రోజూ రెండుసార్లు చదివాను.

రాస్తారోకోతో రోడ్లన్నీ నిండిపోయి ఆటో కదల్లేదు. భీమవరం కుర్రాడే వాణ్ణి భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాలుగు రోజులు కళ్ళు తెరవలేదు. హయత్‌నగర్ నుంచి అదే ఎండలో నడిచి వచ్చిన మా అక్క, మంచం చుట్టూ ఉన్న పిల్లల నోట జరిగిందంతా విని, నా వైపు తిరిగి, "పాఠం మొత్తం అయినంకనే తీస్కొచ్చినవా తమ్మీ?" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ మాటనూ నేను మరిచిపోలేదు. దాని మీద అక్కతో తగువు పెట్టుకోవాలని ఏళ్ళ తరబడి వెతికాను, అందులో తప్పేమీ దొరకలేదు.

వాడు బతికాడు. వడదెబ్బ మెదడు దాకా పోయిందని, చెమట ఆగిపోవడమే దాని గుర్తని డాక్టరు చెప్పాడు. మాట ముద్దగా వచ్చేది, నడిస్తే కాళ్ళు తడబడేవి. రాష్ట్రం వచ్చింది, ఎస్సై ఉద్యోగాల నోటిఫికేషన్ కూడా వచ్చింది, రాతపరీక్ష వాడు ఎలాగో గట్టెక్కాడు. పరుగు పరీక్షకు పోవద్దని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయిందట. ఆ రోజు నేను మైదానం కంచె బయట నిలబడి చూశాను. మొదటి మలుపు దగ్గరే పడ్డాడు. నా పక్కన ఎవరో నవ్వారు. వాడు లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ పడితే, ఒక కానిస్టేబుల్ వచ్చి చేయి పట్టుకుని పక్కకు నడిపించుకుపోయాడు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏసీలు వచ్చాయి, ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చింది. మనం పెరిగిన ఎండ, వడియాలు ఎండబెట్టి, మిరపకాయలు ఎండబెట్టి, మొండి పిల్లలను కాసేపు మాడ్చి సాయంత్రానికి చల్లబడే ఆ ఎండ ఎప్పుడు పోయిందో, దాని చోట ఈ ఎండ ఎప్పుడు వచ్చిందో, ఆ సంగతే పాఠంగా చెప్పి బతికిన నాకు తెలియలేదు. పంతులు మీద, యజమాని మీద, చివరికి అక్క మీద కూడా మనసులో పెట్టుకోవడానికి నా దగ్గర ఏదో ఒక మాట ఉంది. హయత్‌నగర్‌లో జిరాక్స్ షాపులో కూర్చునే మా మేనల్లుడు మాత్రం ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఎండలు మొదలవగానే ఫోన్ చేస్తాడు, ముద్దగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "ఎండ జోరుగున్నది మామా, పదకొండు దాటినంక బయటికి పోకు" అంటాడు. మొదట్లో ఆ ఫోన్ మే నెలలో వచ్చేది. తర్వాత ఉగాదికి వచ్చేది. ఈ ఏడు శివరాత్రి మర్నాడే వచ్చింది.