గాలి వచ్చే వైపు నాటాలి

“మంచినీళ్ళు పొయ్యకు బాబూ. ఆ చెంబు అలా పెట్టీ. ఉప్పు కలిపి నేను పోస్తాను.”

రూతమ్మ గారి వరండాలో పాత ఇనుప తొట్టి నిండా, సముద్రానికి ఎంతో దూరమైన ఈ హిందీ ఊరి ఖారున్ నది ఇసుక, అందులో సూదుల్లాంటి ఆకులతో బిరుసు గడ్డి. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద పాకే ఈ గడ్డిని రావణాసురుడి మీసాలంటారు.

“చీపుళ్ళు పండిస్తున్నావా సిస్టర్ అని పక్కింటాయన హిందీలో ఎకసెక్కం. పండిస్తున్నాను, నీ ఇల్లు తుడవడానికే అంటాను.”

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త జ్ఞానప్రకాశం గారు రైల్వేలో ఫిట్టరు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, వేసవి సెలవులకు బారువ దగ్గర సముద్రపొడ్డున తమ పల్లెకు వెళ్ళినప్పుడు, నాలుగేళ్ళ కూతురు హన్నా జ్వరంతో పోయింది. చర్చి వెనక, ఇసుక దిబ్బ పక్కన పూడ్చారు.

“ఈ గడ్డి కాయలు బంతుల్లా గాలికి దొర్లుతాయి గదా. ఆ ముందు వారం కూడా ఆటి ఎనకాలే పరిగెత్తింది, పిచ్చి పిల్ల.”

తరవాత ఊళ్ళో వాళ్ళు పొయ్యిలోకని దిబ్బ మీది గడ్డీ తీగలూ పీకేశారు. పట్టుకునే వేళ్ళు లేక ఇసుక కదిలింది. ఏటా వెళ్ళేసరికి సమాధి రాయి ఇంకాస్త కూరుకుపోయి ఉండేది. మిగిలిన గడ్డిలోంచి కాసిని కాడలు తెచ్చి జ్ఞానప్రకాశం గారు క్వార్టర్ వెనక పెంచారు.

“పేడ వేసి, రెండు పూటలా నీళ్ళు పోసి, పసిబిడ్డలా సాకేరు. తీసుకెళ్ళి దిబ్బ మీద నాటితే ఉప్పుగాలికి వారం తిరక్కుండా మాడిపోయింది. ముద్దు చేసి చంపేనే అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పట్నించీ ఉప్పునీళ్ళే.”

మరుసటిసారి బతికాయి. రైల్వే పాసుల మీద తోటివాళ్ళు దేశం చూసివస్తే వీళ్ళు ప్రతి వానాకాలం గడ్డి మోసుకెళ్ళారు. దిబ్బ సగం పచ్చబడింది. గడ్డి సమాధి దాకా చేరకముందే ఆయన పోయారు. ఇప్పుడు ఆమె మోకాళ్ళు వరండా మెట్లే దిగనివ్వడం లేదు. పోయినేడు తుఫాను తరవాత ఆ రాయి ఏమైందో చెప్పినవాళ్ళు లేరు.

నేను బారువ పక్కనే సోంపేటలో చెల్లెలి ఇంటికి వెళ్తున్నానని తెలిసి, తడి గోనెలో కాడలు చుట్టి ఉంచారు.

“సమాధి మీద కాదు, దానికి ముందర, సముద్రం గాలి వచ్చే వైపు నాటాలి. కణుపు ఇసుకలోకి పోవాలి.”

“రాయి కనపడకపోతే, పిన్నిగారూ?”

ఆమె సర్దిన కాడలనే మళ్ళీ సర్దారు.

“కనపడకపోతే కనపడలేదనే చెప్పు. ఓదార్పు మాటలు ఆసుపత్రిలో శానామందికి చెప్పేను, నాకు చెప్పకు. నాటకుండా మాత్రం రాకు. రాయి కనపడకపోయినా పిల్ల అక్కడే ఉంది గదా. ఇదిగో, ఈ పొట్లంలో ఉప్పుంది. దారిలో గోనె ఆరితే నీళ్ళలో కలిపి చల్లు.”