రుమాళ్ళు చూపించిన వెలుతురు

గోడకు ఒక్క మేకు కూడా కొట్టకుండా పాత హాలుకు దీపాలు పెట్టగలమా అన్న ప్రశ్నే నన్ను ఆ రోజు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు బయలుదేరదీసింది. తొంభైల చివరినాటి చలికాలం. నారాయణగూడ, చిక్కడపల్లి మధ్య ఒక సందులో సున్నపు గోడలు, ఎత్తైన టేకు కప్పు ఉన్న పాత పఠన మందిరం ఉంది. ఆ గోడలకు వరసగా ట్యూబులైట్లు బిగించాలని మందిరం మరమ్మతులు చూసే ఇంజనీరుగారి ఆలోచన. మేకు దిగితే పెచ్చులూడే గోడలవి. సాయంత్రంలోగా నా దీపాలు ఆయనను ఒప్పించకపోతే మర్నాడే డ్రిల్లింగు మొదలవుతుంది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఒక ఆర్కిటెక్టు దగ్గర చేరాక సొంతంగా దక్కిన తొలి పని ఇదే.

పొద్దున ఆరున్నర ప్యాసింజరు ఎక్కితే తొమ్మిదిన్నరకు కాచిగూడలో దిగాను. అక్కడి నుంచి ఆటోకు పది రూపాయలు. నారాయణగూడ మార్కెట్ దగ్గర బండి ఆగినప్పుడు నా ఒళ్ళోని లాంపుషేడ్ల మూటను చూసి డ్రైవర్ అడిగాడు.

“ఏందక్కా, ఇంట్ల పెండ్లా?”

“కాదన్నా, లైబ్రరీకి లైట్లు పెడుతున్న.”

“నిచ్చెన నువ్వే ఎక్కుతవా?”

“ఎక్కుత.”

“జర పైలం అక్కా. మా ఇంట్ల బల్బు మార్చాల్నంటే నాకే కాళ్ళు వణుకుతయ్.”

అంతకు నెల ముందు ఆ హాల్లో వెలుతురు కొలవడానికి నా దగ్గర మీటరు లేదు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు పొద్దున్నే వచ్చి, బస్సు సీట్లకు వేసినట్టే కుర్చీల మీద రుమాళ్ళు వేసేవారు. ముందుగా రుమాలు పడిన కుర్చీకి మంచి వెలుతురు ఉన్నట్టు, చివరిదాకా ఖాళీగా మిగిలినది చీకటిగా ఉన్నట్టు. వారం రోజులు గుర్తులు వేసుకుని హాలు పటం గీశాను. కిటికీల పక్కన కిటకిట, నడిమి బల్లలు బోసి. ఒకప్పటి పంఖాల ఇనుప కొక్కేలు కప్పుకు ఇంకా ఉన్నాయి. దీపాలు వాటికే వేలాడితే కొత్త రంధ్రం అక్కర్లేదు.

ఎలక్ట్రీషియన్ యాదన్నా నేనూ మధ్యాహ్నానికి ఆ కొక్కేలకు గొలుసులతో ఆరు దీపాలు తగిలించాం. ఐదున్నరకు ఇంజనీరుగారు వచ్చారు. స్విచ్ వేయగానే టేకు కప్పంతా తేనెరంగులో మెరిసింది.

“భేష్! ఈ కప్పు ఇంత అందంగా ఉంటుందనుకోలేదమ్మా” అన్నారాయన.

నేను కుర్చీల వైపు చూశాను. బయట మసక పడుతున్నా అందరూ కిటికీల దగ్గరే ఇరుక్కుని ఉన్నారు. గ్రూప్స్‌కు చదివే స్వరూప అనే అమ్మాయిని పిలిచి నడిమి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆమె పుస్తకం తెరిచి కళ్ళు చిట్లించింది.

“అక్షరాలు సక్కగ కనవడ్తలేవక్కా. కప్పు మస్తుంది గని, పరీక్షల కప్పు మీదికెల్లి అడగరు గద.”

నోరు మూసుకుంటే నా పని గట్టెక్కినట్టే. అయినా ఉండబట్టలేదు. “సార్, ఇది సరిగ్గా లేదు. అరగంట ఇవ్వండి” అన్నాను.

“నాకు నచ్చాక కూడానా?” ఆయన గడియారం చూసుకున్నారు. “సరే. కుదరకపోతే మాత్రం రేపు ట్యూబులైట్లే.”

నిచ్చెన పట్టుకున్న యాదన్న గొణిగాడు. “పాసైన పరీక్ష మల్ల ఎవరన్న రాస్తరా చెల్లె?”

గొలుసులు మూడడుగులు దించాం. పైకి తిరిగి ఉన్న షేడ్లను కిందికి తిప్పి, కప్పు వైపు సన్నని సందు మాత్రం ఉంచాం. తేనెరంగు తగ్గింది, పోలేదు. స్వరూప ఒక పేజీ చదివింది. ఇంకో పేజీ తిప్పింది. తర్వాత లేచి వెళ్ళి, కిటికీ పక్క కుర్చీ మీది తన రుమాలు తెచ్చి నడిమి కుర్చీకి వేసుకుంది. ఆమె వెనకే ఇంకో నలుగురు వచ్చారు. ఇంజనీరుగారు కాసేపు చూసి, “రేపు డ్రిల్లింగువాళ్ళు రానక్కర్లేదు” అన్నారు.

తర్వాతి ఆదివారం అమ్మను తీసుకెళ్ళాను. అశోక్‌నగర్ మేడలకు ఇటుకలు మోసిన మనిషి, చదువు రాదు. హాల్లో పుస్తకాల మీద వంచిన తల ఎత్తి నా దీపాలను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మ కూడా దీపాలు చూడలేదు. గోడ పొడవునా అరచేత్తో తడుముతూ నడిచి, “యాడ గూడ ఒక్క మేకు పొక్క లేదు బిడ్డా” అంది. నా డిప్లొమా చేతికొచ్చిన రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు. మీరు వెళ్ళేట్టయితే చలికాలంలో సాయంత్రం ఐదింటికల్లా చేరుకోండి. ఆలస్యమైతే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది కానీ, నడిమి బల్లల దగ్గర దొరకదు.